రిటైర్‌మెంట్ రోజు ఇచ్చిన కుట్టు మిషన్

ఈసారి మనం ఎప్పుడూ చెప్పుకునే రాజులు, కోటలు, యుద్ధాలు కాదు. ఈ కథ ఒక కుట్టు మిషన్‌తో మొదలవుతుంది. దానికంటే ముందు మా ఇంట్లో గోడకి వేలాడుతున్న ఒక గడియారం గురించి చెప్పాలి.

పోయినేడాది మా నాన్న రిటైర్ అయ్యారు. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూసేవారు, ముప్పై ఏళ్ల పైనే. 58 నిండిన నెలాఖరుకి ఎవరినైనా పంపించేయడం అక్కడి రూల్. చిన్న ఫంక్షన్ చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, ఒక పెద్ద గోడ గడియారం ఇచ్చారు. రేపటి నుంచి టైముకి ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషికి గడియారం! పాపం ఎవరూ వెటకారానికి ఇచ్చింది కాదులెండి, ప్రేమగానే ఇచ్చారు.

ఆ సాయంత్రం నేను కూడా ప్రేమగానే, "ఇంక హాయిగా రెస్ట్ తీసుకోండి నాన్నా" అన్నాను. ఆయన నవ్వుతూ, "నేను అలిసిపోయానని నీతో ఎప్పుడైనా అన్నానా?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మాత్రం బుర్రలోంచి పోలేదు. అసలు మనిషి ఫలానా పుట్టినరోజు నాటికి పనికిరాకుండా పోతాడని ఎవరు నిర్ణయించారు? దాన్ని ఎవరైనా ఎదిరించారా? అలా వెతుకుతూ పోతే నాకు దొరికిన మనిషి మ్యాగీ కూన్. ఆవిడకి కూడా రిటైర్‌మెంట్ రోజు ఒక గిఫ్ట్ ఇచ్చారు. అదే ఆ కుట్టు మిషన్.

సంవత్సరం 1970. ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా. మ్యాగీ కూన్ 1905 ఆగస్టులో పుట్టారు కాబట్టి అప్పటికి 65 నిండుతున్నాయి. ప్రెస్బిటేరియన్ చర్చి వాళ్ల జాతీయ ఆఫీసులో ఆవిడ పని చేసేవారు. పేదరికం, ఇళ్ల సమస్య, జాతి వివక్ష, ఇలాంటి వాటి మీద చర్చి ఏం చేయాలో చెప్పే విభాగం అది. అంతకుముందు చాలా ఏళ్లు వైడబ్ల్యూసీఏలో, అంటే క్రిస్టియన్ మహిళల సంఘంలో, ఫ్యాక్టరీల్లో పని చేసే ఆడపిల్లలకి యూనియన్ల గురించి క్లాసులు చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లినీ, మానసిక అనారోగ్యం ఉన్న తమ్ముడినీ ఇంట్లోనే చూసుకుంటూ ఉద్యోగం చేశారు. అంటే పని చేయడం, పని చేయించడం, జనాన్ని కూడగట్టడం, ఇదే ఆవిడ జీవితం.

అలాంటి మనిషికి 65 వచ్చాయి కాబట్టి వెళ్లిపొమ్మన్నారు. ఆవిడ ఇంకా పని చేస్తానన్నారు. కుదరదన్నారు. వెళ్లేటప్పుడు చేతిలో కుట్టు మిషన్ పెట్టారు. నలభై ఏళ్లకి పైగా సమాజం గురించి మాట్లాడిన మనిషిని ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టుకోమన్నట్టు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఈ 65 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. నాలాంటి సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌కి ఇది బాగా అర్థమవుతుంది. పాత కోడ్ తెరిస్తే మధ్యలో ఎక్కడో ఒక నంబర్ హార్డ్‌కోడ్ చేసి ఉంటుంది. ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు, తీసేస్తే ఏమవుతుందో అని అందరికీ భయం. 65 అచ్చం అలాంటిదే. జర్మనీలో బిస్మార్క్ 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చాడు. ఆయనే 65 పెట్టాడని చాలామంది చెబుతారు గానీ అది తప్పు. మొదట పెట్టింది 70. 1916లో 65కి తగ్గించారు. అమెరికా 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం చేసినప్పుడు 65 పెట్టుకుంది. పెన్షన్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే నంబర్ అది. మెల్లగా అదే నంబర్ మనిషిని ఎప్పుడు గెంటేయాలో చెప్పే నంబర్ కూడా అయిపోయింది.

ఇంకో తమాషా ఉంది. 1967లో అమెరికాలో వయసు పేరుతో ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని చట్టం చేశారు. ఎవరికి వర్తిస్తుంది? 40 నుంచి 65 మధ్య ఉన్నవాళ్లకి. 65 దాటితే ఆ చట్టం కాపాడదు. అంటే వయసు వివక్షని ఆపే చట్టంలోనే ఒక వయసు గేటు పెట్టారన్నమాట. వయసు వివక్షకి 'ఏజిజం' అనే మాట వాడకంలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, 1969 ప్రాంతంలో. రాబర్ట్ బట్లర్ అనే డాక్టర్ పుట్టించిన మాట అది.

మళ్లీ మ్యాగీ దగ్గరికి. ఆవిడ ఒక్కతే ఏడుస్తూ కూర్చోలేదు. తనలాగే రిటైర్‌మెంట్ గుమ్మంలో ఉన్న ఐదుగురు స్నేహితురాళ్లని పిలిచారు. అందరూ చర్చి సంస్థల్లో, సామాజిక సంస్థల్లో పని చేసినవాళ్లే. ఆరుగురూ కూర్చుని లెక్క చూసుకుంటే ఒక విషయం తేలింది. మన దగ్గర అనుభవం ఉంది, పరిచయాలున్నాయి, మాట్లాడటం వచ్చు. పైగా ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఉద్యోగం కూడా లేదు. ఇంక ఎవరికి భయపడాలి?

సరే, సంఘం పెట్టారు. ఇప్పుడు అసలు ప్రశ్న. ముసలివాళ్ల సంఘం మొదట ఏ సమస్య పట్టుకోవాలి? పెన్షన్? మందులు? బస్ పాస్? మీరైనా నేనైనా అదే అనుకుంటాం. వాళ్లు పట్టుకున్నది వియత్నాం యుద్ధం!

నాకు మొదట ఇది అర్థం కాలేదు. తర్వాత తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే లైట్ వెలిగింది. అప్పట్లో అమెరికాలో 18 ఏళ్ల కుర్రాడిని సైన్యంలోకి లాక్కెళ్లి వియత్నాం పంపొచ్చు. కానీ దేశంలో చాలా చోట్ల ఆ కుర్రాడికి ఓటు లేదు, ఓటుకి 21 నిండాలి. 18కే ఓటు ఇచ్చిన రాజ్యాంగ సవరణ 1971 జూలైలో గానీ రాలేదు. ఇటు చూస్తే 65 ఏళ్ల మనిషి శుభ్రంగా పని చేయగలదు, కానీ ఉద్యోగం లేదు. ఒకడికి వయసు చాలలేదన్నారు, ఒకరికి వయసు మించిపోయిందన్నారు. రెండు చివర్లలోనూ మనిషిని చూడకుండా నంబర్ చూసి తీర్పు చెబుతున్నారు. మరి ఆ ఇద్దరూ ఒకే జట్టు కావాలి కదా?

అందుకే వాళ్ల సంఘం మొదటి పేరు చూడండి: 'కన్సల్టేషన్ ఆఫ్ ఓల్డర్ అండ్ యంగర్ అడల్ట్స్ ఫర్ సోషల్ చేంజ్'. సమాజం మారడానికి పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ కలిసి కూర్చునే వేదిక అని. ఈ పేరు పెట్టి యూట్యూబ్ ఛానల్ మొదలెడితే నాతో సహా ఎవరూ సబ్‌స్క్రైబ్ చేయరు. కానీ అందులో 'యంగర్' అనే మాట మొదటి రోజు నుంచీ ఉంది. యుద్ధాన్ని వ్యతిరేకించే కాలేజీ పిల్లలు వచ్చి చేరారు. ఇరవై ఏళ్ల కుర్రాడు, డెబ్బై ఏళ్ల బామ్మ ఒకే మీటింగ్‌లో. ఆఫీసు అంటారా, ఫిలడెల్ఫియాలో ఒక చర్చి కింద బేస్‌మెంట్.

అసలు పేరు రెండేళ్ల తర్వాత వచ్చింది. 1972లో న్యూయార్క్‌లో ఒక టీవీ షోకి పిలిస్తే, అక్కడి ప్రొడ్యూసర్ సరదాగా వీళ్లని 'గ్రే పాంథర్స్' అన్నాడు. అప్పట్లో నల్లజాతి యువకుల 'బ్లాక్ పాంథర్స్' పార్టీ పేరు చెబితే అమెరికా ఉలిక్కిపడేది. వీళ్లేమో నెరిసిన జుట్టు పాంథర్స్. మ్యాగీకి ఆ పేరు తెగ నచ్చింది. చర్చి బోర్డులో కూర్చునే కొందరు పెద్దమనుషులకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. పత్రికలు మాత్రం వదల్లేదు. ముడి వేసుకున్న తెల్లజుట్టు, కళ్లద్దాలు, సన్నటి గొంతు, ఆ గొంతులోంచి విప్లవం గురించి మాటలు. టీవీ వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

వీళ్లకి ముందు అమెరికాలో పెద్దవాళ్ల సంఘాలు లేవా అంటే, ఉన్నాయి. చాలా పెద్దవి. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ 1947లో రిటైర్డ్ టీచర్ల సంఘం పెట్టారు. ఒక రిటైర్డ్ టీచర్ ఇల్లు లేక కోళ్ల షెడ్డులో బతుకుతుండటం చూసి ఆవిడ కదిలిపోయారని చెబుతారు. అప్పటికి ముసలివాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకునేవి కావు. ఆవిడ కంపెనీ తర్వాత కంపెనీ గుమ్మం ఎక్కి, చివరికి 1950ల్లో ఒకరిని ఒప్పించారు. 1958లో అందరికీ తెరిచిన సంఘంగా ఏఏఆర్‌పీని కూడా పెట్టారు. గొప్ప పని, నేను తక్కువ చేయను.

కానీ మ్యాగీ అడిగింది వేరు. అప్పుడు అమెరికాలో ముసలివాళ్ల కోసం క్లబ్బులు, టూర్లు, పేకాట గదులు వచ్చేశాయి. 1960 జనవరి 1న అరిజోనాలో సన్ సిటీ అని ఒక ఊరే తెరిచారు. గోల్ఫ్, ఈత కొలను, చుట్టూ రిటైర్ అయినవాళ్లే. చిన్నపిల్లలున్న కుటుంబాలకి అక్కడ చోటు లేదు. మ్యాగీకి ఇవి చూస్తే ఒళ్లు మండేది. పసిపిల్లలు పాక్కుంటూ బయటికి పోకుండా చుట్టూ కటకటాలు కట్టి బొమ్మలు పడేస్తారు చూడండి, ఈ క్లబ్బులు అలాంటివే అనేవారు. బొమ్మలు మంచివే కావచ్చు. కటకటాలెందుకు?

మరి గ్రే పాంథర్స్ ఏం చేశారు? ఒక్కొక్కటీ ఒక్కో ఎపిసోడ్ అవుతుంది, నాకు నచ్చినవి చెబుతా.

చెవి మిషన్ల కథ ముందు. 1973లో రాల్ఫ్ నాడర్, ఆయనో పేరున్న వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు, రిటైర్ అయిన ఉద్యోగులతో ఒక బృందం నడిపేవాడు. అది వచ్చి గ్రే పాంథర్స్‌లో కలిసిపోయింది. ఆ బృందం చెవి మిషన్ల వ్యాపారం మీద పడింది. వయసు మీద పడ్డవాళ్లని భయపెట్టి, అవసరం ఉన్నా లేకపోయినా ఖరీదైన మిషన్లు అంటగట్టడం అప్పట్లో మామూలు. వీళ్లు ఆ అమ్మకాల గుట్టంతా తవ్వి రిపోర్టు రాశారు. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెవి మిషన్ల అమ్మకాలకి రూల్స్ పెట్టింది. గమనించండి, వీళ్లకోసం ఎవరో పోరాడలేదు. ఎవరి చెవులకి మిషన్లు అంటగడుతున్నారో ఆ వయసువాళ్లే కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు.

తర్వాత డాక్టర్ల సంగతి. 1974లో షికాగోలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభలు జరుగుతున్నాయి. బయట వీళ్లు వీధి నాటకం వేశారు. డాక్టర్లు ఇళ్లకి వెళ్లి ముసలి రోగుల్ని చూడటం మానేశారు కదా, మేమే మీ సంఘాన్ని చూడటానికి ఇంటికొచ్చాం, మీకే ఒంట్లో బాలేదు అని తెల్ల కోట్లు వేసుకుని వెళ్లారు. ఆపరేషన్ చేసినట్టు నటించి రోగి గుండెలోంచి నోట్ల కట్టలు తీశారు! మన ప్రజానాట్యమండలి వాళ్లు చూస్తే చప్పట్లు కొట్టేవారు.

టీవీని కూడా వదల్లేదు. 'మీడియా వాచ్' అని పెట్టి, సీరియళ్లలో ముసలివాళ్లని ఎలా చూపిస్తున్నారో రాసుకునేవారు. మతిమరుపు, చాదస్తం, నత్తి, నవ్వించడానికి ఒక పాత్ర. మన సినిమాల్లో బామ్మ పాత్రని తలుచుకోండి, వేరే ఉదాహరణ అక్కర్లేదు. అక్కడ జానీ కార్సన్ అని సూపర్ స్టార్ యాంకర్. ఆయన ఆడవేషం వేసి 'ఆంట్ బ్లాబీ' అనే వాగుడుకాయ ముసలమ్మగా నవ్వించేవాడు. మ్యాగీ ఆయన షోకే గెస్ట్‌గా వెళ్లి ఆ వేషం గురించి ఆయన్నే నిలదీశారు. చేతిలో గ్రే పాంథర్స్ టీషర్ట్ పెట్టి వచ్చారు. 1970ల మధ్యలో టీవీ సంస్థల ప్రవర్తనా నియమావళిలో జాతి, ఆడ మగ తేడాల పక్కన వయసు కూడా చేరింది.

నర్సింగ్ హోముల పని నెమ్మదిగా సాగింది, కానీ బహుశా అన్నిటికంటే ఎక్కువ మందికి తగిలింది అదే. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో చిన్న ఆసుపత్రి కాదు, చూసుకునే దిక్కులేని పెద్దవాళ్లు చివరి రోజులు గడిపే చోటు. కుర్చీకి కట్టేయడం, మందులిచ్చి మత్తులో ఉంచడం, అన్నీ ఉండేవి. 1975లో గ్రే పాంథర్స్‌తో పని చేస్తున్న ఎల్మా హోల్డర్ దేశం నలుమూలల నుంచి ఈ సమస్య మీద పని చేసేవాళ్లని వాషింగ్టన్‌లో ఒకచోట చేర్చారు. దాన్నుంచి ఒక జాతీయ కూటమి పుట్టింది. పన్నెండేళ్లు పట్టింది. 1987లో నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం వచ్చింది, అక్కడుండేవాళ్లకి హక్కులున్నాయని, ఊరికే కట్టేయకూడదని.

ఇక మొదలెట్టిన గొడవ, రిటైర్‌మెంట్ వయసు. 1978లో అమెరికా చట్టం మార్చింది. ప్రైవేటు ఉద్యోగాల్లో గేటు 65 నుంచి 70కి జరిగింది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామందికి అసలు తీసేశారు. 1986లో దాదాపు అందరికీ తీసేశారు. పార్లమెంటులో దీన్ని భుజాన వేసుకున్న ఫ్లోరిడా నాయకుడు క్లాడ్ పెప్పర్‌కి అప్పుడు 86 ఏళ్లు. ఇదంతా గ్రే పాంథర్స్ ఒక్కళ్లే సాధించారని నేను చెప్పను. కానీ 1970లో ఆరుగురు ఆడవాళ్లు అడిగినప్పుడు విచిత్రంగా కనిపించిన ప్రశ్న, పదహారేళ్లలో చట్టం అయింది.

సరే, ఇదంతా అమెరికా గోల, మనకెందుకు బ్రో అంటారా? అయితే 1983 హైదరాబాద్ వెళ్దాం.

జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్‌మెంట్ వయసు 58 నుంచి 55కి. 55 దాటినవాళ్లంతా ఆ నెల 28న దిగిపోవాలి. ఒక్క దెబ్బకి పద్దెనిమిది వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ సంస్థల్లో ఇంకో పది వేలమంది ఇళ్లకి. చెప్పిన కారణం నిరుద్యోగ యువత. పెద్దవాళ్లు దిగితే చిన్నవాళ్లకి చోటు. ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. ఎన్టీఆర్ పుట్టింది 1923 మేలో. అంటే 55 ఏళ్లకి దిగిపొమ్మన్న ముఖ్యమంత్రికి అప్పుడు 59. సినిమాల్లో మూడు దశాబ్దాలు దాటాక, కొత్త కెరీర్ మొదటి నెల! నేను ఆయన ఫ్యాన్‌నే, తిట్టుకోకండి. కానీ ఈ లెక్క కనిపించాక చూడనట్టు ఉండలేకపోయాను.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కె. నాగరాజ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ అని ఇప్పటికీ లా స్టూడెంట్లు చదువుతారు. 1985 జనవరిలో కోర్టు, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది అంది. అయితే ఈలోపే, 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల ప్రభుత్వంలో, వయసు మళ్లీ 58 అయిపోయింది! తిరిగొచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం కూడా దాన్ని ఉంచేసింది. మధ్యలో పోయినవాళ్ల గతేంటి అని ఇంకో కేసు. 58 నిండనివాళ్లని వెనక్కి తీసుకోమని 1985లోనే కోర్టు చెప్పింది. ఇదంతా చదువుతుంటే ఆ రెండున్నరేళ్లు ఆ ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుందా అనిపించింది. కూతురి పెళ్లి కుదుర్చుకున్నవాళ్లు ఉంటారు, ఇంటి లోను సగంలో ఉన్నవాళ్లు ఉంటారు. దిగు, ఎక్కు, ఆగు.

ఇప్పుడు నా తప్పు నేను ఒప్పుకోవాలి. 2021లో తెలంగాణ 58ని 61 చేసింది. అప్పటికే 60 ఉన్న ఆంధ్ర 2022లో 62 చేసింది. అప్పుడు నా బీటెక్ ఫ్రెండ్స్ సగం మంది గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. అశోక్‌నగర్‌లో రూము, స్టడీ హాల్ ఫీజు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. వాట్సాప్ గ్రూపులో ఒకటే తిట్లు: 'ఈ ముసలోళ్లు కుర్చీ దిగరా?' నేను కూడా నవ్వే ఎమోజీ పెట్టాను. ఆ కోపం అబద్ధం కాదు. పై మెట్టు మీద మనిషి ఇంకో మూడేళ్లు కూర్చుంటే కింద మెట్టు మీదవాడు మూడేళ్లు నిలబడాలి. ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ చేయని చోట, ఇరవై ఐదేళ్లవాడికి అరవై ఏళ్లాయన అడ్డంగానే కనిపిస్తాడు.

కానీ 1983లో ముప్పై వేలమందికి దగ్గరగా దించేసినా నిరుద్యోగం తీరలేదు కదా. మన ఇద్దరినీ ఒకే కుర్చీ చుట్టూ తిప్పి, మ్యూజికల్ చైర్స్ ఆడిస్తూ, కుర్చీలు ఎందుకు ఇన్నే ఉన్నాయని ఎవరూ అడక్కుండా చూసుకున్నారు. మ్యాగీ తన సంఘంలోకి కుర్రాళ్లని మొదటి రోజే ఎందుకు లాక్కుందో నాకు ఇక్కడ అర్థమైంది. విడిగా ఉంటే ఈ ఇద్దరినీ ఒకళ్ల మీదికి ఒకళ్లని ఉసిగొల్పడం చాలా తేలిక. ఆవిడ తన ఇంట్లో కూడా అదే చేసింది. ఫిలడెల్ఫియా జర్మన్‌టౌన్ ప్రాంతంలో ఇంటిని కుర్రాళ్లతో పంచుకుంది. వాళ్లకి తక్కువ అద్దె, ఆవిడకి సాయం, తోడు. బంధువులు కాదు, అయినా ఒక కుటుంబం. తర్వాత దేశమంతా అలా ఇళ్లు పంచుకునేవాళ్లకి దారి చూపడానికి విడిగా ఒక సంస్థ కూడా పెట్టింది.

మన దేశంలో రిటైర్‌మెంట్ అనేదే ఒక అదృష్టం అని కూడా చెప్పాలి. కూలి పని చేసేవాళ్లని ఎవరు రిటైర్ చేస్తారు? ఒళ్లు ఆగిపోతే ఆగిపోవడమే. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన వృద్ధాప్య పెన్షన్ నెలకి 75 రూపాయలు. ఇప్పుడు ఆంధ్రలో నెలకి 4,000 వస్తుంది, కానీ అందులో 80 ఏళ్ల లోపువాళ్లకి కేంద్రం వాటా ఇప్పటికీ 200 రూపాయలే, 2007 నుంచి మారలేదు. మీ నెల రీచార్జ్ అంతకంటే ఎక్కువ. దీని మీద మన దగ్గర కూడా ఒక గ్రే పాంథర్స్ లాంటిది వచ్చింది, పెన్షన్ పరిషత్. అరుణా రాయ్, పుణే హమాలీల నాయకుడు బాబా ఆఢావ్ ముందుండి నడిపారు. 2012లో జంతర్ మంతర్ దగ్గర ఎండాకాలంలో ధర్నాకి కూర్చున్నప్పుడు ఆఢావ్‌కి 80 దాటాయి. కనీస వేతనంలో సగమైనా పెన్షన్‌గా ఇవ్వమని అడిగారు. జాలి చూపించమని కాదు, ఇన్నాళ్లు పని చేశాం, మా వాటా ఇవ్వమని.

గ్రే పాంథర్స్ చివరికి ఏమైంది? నిజం చెప్పాలంటే, చిక్కిపోయింది. ఏఏఆర్‌పీకి ఇన్సూరెన్స్ డబ్బు ఉంది, కోట్ల మంది సభ్యులున్నారు. వీళ్లకి చందాలు, మ్యాగీ పేరు ఉన్నాయి. ఒక మనిషి గొంతు మీద నిలబడ్డ సంఘానికి ఆ గొంతు పోతే కష్టమే. ఆవిడ ఉండగానే రెండో వరసని గట్టిగా తయారు చేసుకోవాల్సింది అని నాకనిపిస్తుంది. 1995 ఏప్రిల్ 22న ఆవిడ చనిపోయారు, 89 ఏళ్లకి. అంతకు రెండు వారాల ముందు ఫిలడెల్ఫియాలో బస్సులు, రైళ్ల కార్మికులు సమ్మెలో ఉంటే వెళ్లి వాళ్లతో పాటు నిలబడ్డారు.

ఈ స్క్రిప్ట్ రాశాక మొదట నాన్నకి చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది గానీ, 1983లో పద్దెనిమిది వేలు, పది వేలు కలిపితే ఇరవై ఎనిమిది వేలు. నువ్వు ముప్పై వేలకి దగ్గర అని చుట్టేశావు. అకౌంట్స్‌లో అలా కుదరదు" అన్నారు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నారు. మా కాలనీలో ఆయనతో వాకింగ్‌కి వచ్చేవాళ్లు ఐదుగురున్నారు. ఈపీఎఫ్ పెన్షన్ కాగితాలు ఎలా నింపాలో తెలియక తిరుగుతున్న మిల్లు కార్మికుల కోసం, పార్కు పక్క అరుగు మీద వారానికి రెండు రోజులు కూర్చుంటున్నారు. ఆన్‌లైన్ పని వచ్చినప్పుడు నన్ను పిలుస్తారు.

"ల్యాప్‌టాప్ తీసుకుని ఆరింటికల్లా రా. లేటుగా రాకు, గడియారం ఉందిగా గోడకి" అన్నారు.

ఇప్పుడు ఐదూ నలభై అయింది. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం.